టెంకాయ లేవని చోటు

12 ఏప్రిల్ 2009, ఆదివారం. హాస్టల్, కర్నూలు

ప్రదీప్‌కుమార్ సార్‌కు సెమినార్ అంటే కుస్తీ. ఎం.సి.ఎ. చివరి ఏడాది వాళ్లందరినీ జంటలుగా విడదీసి, ఒకే ప్రశ్నకు ఒకరు ఔనని, ఇంకొకరు కాదని వాదించమన్నాడు. నాకూ హరితకూ వచ్చిన ప్రశ్న: ఇంటర్నెట్‌లో వెతకడంలో గూగుల్ నంబర్ వన్‌గా నిలుస్తుందా? హరిత నా రూమ్మేటు. కోయిలకుంట్లలో బట్టలంగడి వాళ్ల పిల్ల, బేరం తెలిసిన మనిషి. నేను నోరు తెరిచేలోపే "నిలుస్తుంది సార్" అనేసింది. నాకు "నిలవదు" మిగిలింది.

నాకు కావలసింది కూడా అదేనని హరితతో చెప్పాను. అబద్ధం. అందరూ పొద్దున లేస్తే వాడేదాన్ని, నేనూ వాడేదాన్ని, పడిపోతుందని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కానీ ఆలోచిస్తే తమాషాగానే ఉంది. ఒకప్పుడు ఆల్టావిస్టా అని ఒకటుండేదట, అందరూ దానికే పోయేవారట. యాహూ అయితే నేనూ చూశాను. వాళ్లంతా ఎట్లా దిగిపోయారు? ఎవరైనా తోశారా, వాళ్లే జారారా?

సెమినార్ జూన్‌లో. రేపు ఊరికి పోతున్నాను.

17 ఏప్రిల్. ఊరు

మా బోరు దగ్గుతోంది. మోటరు వేస్తే కాసేపు నీళ్లు, తర్వాత గాలి, మళ్లీ కాసిన్ని నీళ్లు. చీనీ చెట్ల ఆకులు (హరిత వాళ్లయితే బత్తాయి అంటారు) మధ్యాహ్నానికే ముడుచుకుంటున్నాయి. ఆ మొక్కలు నాటినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. ఈ ఏడే మొదటి కాపు రావాలి. పైరు ఎండితే ఒక పంట పోతుంది, చెట్టు ఎండితే పెంచిన ఏళ్లన్నీ పోతాయి.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. మా తాత పెద్ద ఈరన్న నీళ్లు చూసే మనిషి. ఆలూరు చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా మొదట మా ఇంటికే జీపు వస్తుంది. తాత టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట అది నిలువుగా లేస్తుంది. అక్కడ రాయి పాతుతారు. బస్సు దిగి "నీళ్లు చూసే ఈరన్న" అంటే చాలు, ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు.

అంతమందికి చూపించే తాత మా తోటలో మాత్రం చూడడు. చూడకూడదు. నీళ్లు చూసేవాడు సొంత నేలలో చూసుకుంటే చెయ్యి పోతుందని ఇక్కడి నమ్మకం. చెయ్యి పోవడమంటే ఆ తర్వాత ఎవరి చేనులోనూ టెంకాయ నిజం చెప్పదని. మా ఇప్పటి బోరు కూడా తాతకు ఈ విద్య నేర్పిన ఆదోని సాయిబు చూపించిందే. ఆయన ఇప్పుడు లేడు. మిగిలింది పక్క ఊరి దేవేంద్రప్ప. తాత దగ్గరే నేర్చుకుని, తాతతో మాటామాటా వచ్చి వేరుపడ్డాడు. ఆయన్ని పిలిస్తే పని అవుతుంది. కానీ పెద్ద ఈరన్న తోటకే దేవేంద్రప్ప వచ్చి నీళ్లు చూశాడంటే, రేపటి నుంచి జీపులన్నీ ఆ ఊరికే తిరుగుతాయి. అందుకే తాత పిలవడం లేదు. నాయనకు ఇంకొక్క బోరు వేయించే శక్తే ఉంది. ఎవరూ చూపించని చోట ఆ ఒక్కటి వేయించలేడు.

"పేరు గొప్పదా, చెట్లు గొప్పవా?" అని నాయన ఈ పొద్దు గోడతో అన్నాడు. గోడకు అవతల తాత పడుకుని ఉన్నాడు.

18 ఏప్రిల్

నాకు సెమినార్ ఉంది. ఇంట్లో గొడవలు నాకెందుకు?

20 ఏప్రిల్

ఆలూరులో నెట్ సెంటర్‌కు పోయాను. సెమినార్‌కు కావలసినవి వెతికాక, ఊరికే సరదాకు "ఆలూరులో బోరు పాయింటు ఎక్కడ" అన్నట్టు గూగుల్‌లో ఇంగ్లీషులో కొట్టాను. కర్ణాటకలో ఇంకో ఆలూరు ఉందట, అక్కడి లాడ్జి వచ్చింది. కేరళలో ఒక ఆలూరు ఉందట, అక్కడి గుడి వచ్చింది. మా ఆలూరి గురించి రైలు టైములు వచ్చాయి. ప్రపంచంలోని ఆలూరులన్నీ తెలిసిన దానికి మా తోట తెలియదు. నేనే సరిగ్గా కొట్టలేదేమో అనుకుని మాటలు అటూ ఇటూ మార్చి మళ్లీ మళ్లీ కొట్టాను. నెట్ సెంటర్ ఆయన టైమైందని వచ్చి నిలబడేదాకా.

23 ఏప్రిల్

హొళగుంద వైపు నుంచి జీపు వస్తే తాత వెంట నేనూ ఎక్కాను. ఆడపిల్ల ఎందుకని జీపు ఆయన నసిగాడు. "మా పాప కంప్యూటర్లో ఇదే పని చదువుతాండాది" అన్నాడు తాత. ఆ మాటకు నాకు భలే సంతోషమేసింది.

చేనులో టెంకాయ లేచింది. నేను పక్కనే ఉండి కళ్లార్పకుండా చూశాను. లేచింది. ఎట్లా లేచిందో మాత్రం తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు అడిగాను.

"తాతా, నువ్వు చూపిచ్చిన వాటిల్లో ఎండిపోయినవి ఎన్ని?"

"నాకెట్ల తెలుస్తాది పాపా? నీళ్లు పడినోడు టెంకాయ, పంచె తీసుకోని ఇంటికొచ్చి చెప్తాడు. పడనోడు యాలొస్తాడు?"

"వాళ్లు నిన్ను తిట్టరా?"

"బోరు బండోన్ని తిడతారు. లేకుంటే ఇంగ కొంచెం దించింటే పడుతుండె అనుకుంటారు. నన్నెవురూ ఏమీ అనరు."

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతోంది. మొన్న నెట్ సెంటర్‌లో నేను చేసింది అదే కదా! దొరకకపోతే దాన్ని అనలేదు, నేనే సరిగ్గా అడగలేదనుకున్నాను. అదే పేరు లేని ఇంకోటైతే ఒక్కసారికే "పనికిరాదు" అని మూసేసేదాన్ని. పైనున్నవాడి తప్పు మన ఖాతాలో పడుతుంది. ఇది సెమినార్‌కు చాలా మంచి పాయింటు. కాకపోతే ఇది హరిత వైపు పాయింటు.

27 ఏప్రిల్

ఇంకోటి కనిపెట్టాను. తాత టెంకాయ పట్టుకునే ముందు ఊరికే కబుర్లు చెబుతాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. కబుర్లు కావవి. పక్క చేనులో ఎంత లోతున పడింది, ఏ రంగు మట్టి వచ్చింది, ఎప్పుడు తగ్గింది, అన్నీ అడిగేస్తాడు. ఎవరి బోరులో నీళ్లు పడినా ముందు చెప్పేది తాతకే. కాబట్టి ఈ చుట్టుపక్కల నేల కింద ఏముందో తాతకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందరూ అడుగుతారు కాబట్టి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసు కాబట్టి అందరూ అడుగుతారు. కొత్తగా వచ్చినవాడు ఎంత తెలివైనవాడైనా ఈ చక్రంలోకి ఎక్కడి నుంచి దూరతాడు?

హరితకు ఫోన్ చేసి చెప్పాను. ఆగకుండా నవ్వింది. "నా సెమినార్ నువ్వే రాసిపెడుతున్నావు కదే. కానీ ఒకటి చెప్పు, నీ వైపు ఏం చెప్తావు?" అంది.

ఏం చెబుతాను? నాకింకా ఏమీ దొరకలేదు.

1 మే

తోట చివర, గట్టు దగ్గరి చెట్టు మొదట్లో ఒక ఎండు టెంకాయ దొరికింది. ఎవరో పూజ చేసి వదిలేశారేమో. ఎవరూ లేరు కదా అని అరచేతిలో పెట్టుకుని తోటంతా నడిచాను. రెండుసార్లు కాలి మీద పడింది, ఒకసారి కాలువలోకి దొర్లింది. మా వంశంలో ఈ విద్య తాతతోనే ఆఖరు. కుంటుతూ ఇంటికొచ్చాను.

4 మే

నాయన ఈ రోజు తెగించాడు. పొద్దున్నే చొక్కా వేసుకుని, "నేను దేవేంద్రప్ప కాడికి పోతాండా" అన్నాడు, ఈసారి గోడతో కాదు.

అవ్వ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏదో జరుగుతుందనుకున్నాను.

"పో, పిల్చుకోని రా. నేనే పిలవమన్నానని చెప్పు" అన్నాడు తాత.

నాయన వెళ్లిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "తాతా, జీపులన్నీ ఆ ఊరికి పోతాయి గదా" అన్నాను. "పోనీలే పాపా" అన్నాడు. అంతే. పైనున్నవాడు తనంతట తానే దిగుతాడా? నా వాదనకు ఇప్పటికి ఒక ఆధారం దొరికింది. అందుకు సంతోషపడాలి.



10 మే

జరిగింది జరిగినట్టు రాస్తాను.

దేవేంద్రప్ప వచ్చాడు. వస్తూనే తాత కాళ్లకు మొక్కి "బాగుండావా మామా" అన్నాడు. చెడిన మనుషుల్లా లేరు. సంగతి తెలిసి ఊళ్లో సగంమంది గట్టు మీద చేరారు. పెద్ద ఈరన్న తోటలో ఇంకొకడు నీళ్లు చూడడమంటే మాటలా? తాత తుండు పరుచుకుని అందరికంటే ముందు కూర్చున్నాడు.

దేవేంద్రప్ప టెంకాయ పట్టుకుని సాళ్ల మధ్య నడిచాడు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. టెంకాయ కదల్లేదు. చెమటలు కారుతున్నాయి. నాయన మొహం చూడలేకపోయాను. మూడోసారి గట్టు దగ్గరికి వచ్చాక, నాకు ఆ ఎండు టెంకాయ దొరికిన చెట్టుకు కాస్త ఇవతల, అది లేచింది. గట్టు మీద అందరూ ఒక్కసారిగా అరిచారు. నాయన రాయి తీసుకుని పరుగెత్తాడు. నేనూ అరిచాను.

"ఆపు వీరభద్రా. ఆడ నీళ్లు లేవు" అన్నాడు తాత నాయనతో.

దేవేంద్రప్ప తల దించుకున్నాడు.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు నాయన.

"నేను చూసినా. పుష్యమాసంలో మీరంతా జాతరకు పోయినప్పుడు చూసినా. తోటలో యాడా లేవు."

గట్టు మీద ఒక ముసలామె "అయ్యో, సొంత చేన్లో చూసినావా?" అంది. తాత ఔనన్నాడు. ఊరందరి ముందూ, తన నోటితోనే. అంటే నాకు దొరికిన ఆ ఎండు టెంకాయ తాతదే. పూజదైతే పగిలి ఉండాలి కదా. నాకెందుకు తట్టలేదు?

నాయన రాయి అక్కడే వదిలేశాడు. "పుష్యమాసం నుంచి తెలిసీ నోరు మూసుకున్నావా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

11 మే

తాతను అడగకుండా ఉండలేకపోయాను.

"నీళ్లు లేవని తెలిసి దేవేంద్రప్పను యాల పిలిపిచ్చినావు?"

తాత చెప్పాడు. "వాడు నాకంటె మంచోడై, నా చెయ్యి తప్పై ఉంటే బాగుండు అనుకున్న్యా పాపా."

"మరి టెంకాయ లేచింది గదా, ఎందుకాపినావు?"

"వాని బొటనవేలు చూసినా. అది నేను నేర్పిందే. మనసు ఔనంటే వేలు లేస్తాది, మనకు తెల్వకుండానే లేస్తాది. గురువు చేన్లో లేవని చెప్పేకి వానికి నోరు రాలేదు. మనసు ఔననింది. నాకూ మీ నాయనకు చెప్పేకి నోరు రాలేదు గదా, వాన్ని యాడ తప్పు పట్టేది?"

"నీ వేలు లేయలేదా ఆ పొద్దు?"

"లేయల్లని శానా కోరుకున్న్యా. లేయలేదు."

నేను అక్కడ కూర్చుని ఏడ్చాను. తాత నా తల నిమిరి, పోయి చదువుకోమన్నాడు.

16 మే

జీపులు రావడం లేదు.

21 మే

వింత చూడండి. (ఎవరిని చూడమంటున్నాను? సరే.) మాఘంలో తాత పాయింటు చూపిస్తే బసవరాజు చేనులో నీళ్లు ఎగజిమ్మాయి. నేను పోయి చూశాను, ఇప్పటికీ పడుతున్నాయి. అంటే సొంత చేనులో చూసినాక కూడా తాత చెయ్యి బాగానే ఉంది! ఇదే మాట బసవరాజుతో అంటే ఆయన మొహం చిట్లించి, "పడతాండాయి కానీ పాపా, ఎందుకో ఉప్పగా ఉండాయి" అన్నాడు. నేను తాగాను. మంచి నీళ్లు. మొన్నటిదాకా ఎండిన బోరుకు బండివాడిది తప్పు, ఇప్పుడు పారే బోరుకు కూడా తాతదే తప్పు. తాతలో ఏమీ మారలేదు. తప్పు ఎవరి ఖాతాలో వేయాలన్నదే మారింది. నాకు ఒళ్లు మండిపోయింది.

26 మే

నాయన సగం తోట కొట్టించాడు. ఉన్న కాసిన్ని నీళ్లూ మిగిలిన సగానికి సరిపోతాయట. కొట్టేదేదో పుష్యమాసంలోనే కొట్టుంటే మిగతావి ఇంత దెబ్బ తినేవి కావని అమ్మతో అన్నాడు. తాతతో ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు.

గొడ్డలి దెబ్బ ప్రతిదీ ఇంట్లోకి వినిపించింది. తాత వాకిట్లోనే కూర్చుని విన్నాడు, లోపలికి రాలేదు.

4 జూన్. హాస్టల్

మైక్రోసాఫ్ట్ వాళ్లది బింగ్ అని కొత్తది వచ్చింది. "నీ దేవేంద్రప్ప వచ్చాడే" అంది హరిత. ఇద్దరం ల్యాబులో పోయి చూశాం. బాగుంది, పెద్ద బొమ్మతో అందంగా ఉంది. అడిగినవన్నీ చెప్పింది. ఇంకేం కావాలి? తర్వాత ఏదో గుర్తొచ్చి వెతుకుదామనుకుంటే నా వేళ్లు వాటంతటవే గూగుల్ అని కొట్టాయి. నేను చెప్పలేదు వాటికి. బొటనవేలు గుర్తొచ్చి చేతివంక చూసుకున్నాను.

10 జూన్

సెమినార్ అయిపోయింది. హరిత చక్కగా మాట్లాడింది. చక్రం సంగతి చెప్పింది, అలవాటు సంగతి చెప్పింది, కొత్తది వచ్చినా వేళ్లు పాతదానికే పోయాయని నన్నే సాక్ష్యం పెట్టింది.

నేను చెప్పింది ఇదీ. పైనున్నవాడిని దించడానికి ఇంకా మంచివాడు రానక్కర్లేదు. దొరకనప్పుడు ఇన్నాళ్లూ జనం తమనే తిట్టుకున్నారు. ఏదో ఒక రోజు ఒక మాట పుట్టి, అతన్ని తిట్టడం మొదలుపెడతారు. అప్పుడు అతను సరిగ్గా చూపించినవి కూడా తప్పుగానే కనిపిస్తాయి. ఇంకోటి కూడా అన్నాను: ఏదడిగినా ఏదో ఒకటి ముందు పెట్టేవాడి దగ్గరికి జనం పోతారు, నిజమే, కానీ "లేదు" అని చెప్పాల్సిన చోట చెప్పేవాడు ఎవరు?

"ఇంతకీ గూగుల్ పడిపోతుందా, లేదా?" అన్నాడు సార్.

"తెలీదు సార్. నాకూ తెలుసుకోవాలనే ఉంది" అన్నాను.

హరిత గెలిచింది. నాకు బాధగా లేదు. కొంచెం ఉంది.

15 జూన్. ఊరు

వాన జాడ లేదు. మిగిలిన చెట్లు మాత్రం కొత్త చిగురు వేశాయి.

పొద్దున మోటారుసైకిల్ మీద ఒకాయన వచ్చాడు. దూరం నుంచి వచ్చినట్టుంది, బట్టలంతా దుమ్ము. నాయన వాకిట్లో పారకు పదును పెడుతున్నాడు. తాత మంచం మీద ఉన్నాడు.

"పెద్ద ఈరన్న నువ్వేనా? చెయ్యి పోయిందంట గదా?" అన్నాడు ఆయన.

నాకు కోపం ముంచుకొచ్చింది. తాత మాత్రం "పోయిండాదంటాండారప్పా" అన్నాడు నెమ్మదిగా.

"మా చేన్లో దేవేంద్రప్ప పాయింటు పెట్టినాడు. బోరు బండి మాట్లాడేసినా. కానీ మనసు ఒప్పుకోల్యా. లేకుంటే లేవని మొహం మీద చెప్పేది నువ్వొక్కనివే అంట గదా, సొంత కొడుక్కే చెప్పినావంట. వచ్చి ఒక్కసారి చూడు పెద్దాయనా. లేకుంటే లేవని చెప్పు, సాలు."

అవ్వ లోపలి నుంచి పాత అలవాటు ప్రకారం టెంకాయ తెచ్చింది. తాత దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. నేనూ లేచాను.

వాకిలి దాటబోతుంటే నాయన పార పక్కన పెట్టాడు. దండెం మీది తుండు తీసి తాత చేతికిచ్చాడు.

"ఎండ శానా ఉండాది నాయనా, తలకు చుట్టుకోని పో" అన్నాడు.

తాత చుట్టుకున్నాడు. రెండుసార్లు జారింది. మూడోసారి నాయనే చుట్టాడు.